రాసేది వాడ, అచ్చువేసేది ఊరేనా?

జోతీరావు ఫూలే 1855లో 'తృతీయ రత్న' అనే నాటకం రాశారు. ఒక పురోహితుడు నిరక్షరులైన రైతు దంపతులను గ్రహాల పేరు చెప్పి భయపెట్టి ఎలా దోచుకుంటాడో, చదువు అనే మూడో కన్ను తెరుచుకున్నాక ఆ దంపతులు ఎలా మారతారో చెప్పే నాటకమది. ఫూలే దానిని దక్షిణా ప్రైజు కమిటీకి పంపితే కమిటీ తిరస్కరించింది. ఆ సంగతిని ఆయన 1873లో వెలువడిన 'గులాంగిరీ'లో స్వయంగా ప్రస్తావించారు. ఆ నాటకం అచ్చులో వెలుగు చూసింది 1979లో. అంటే రాసిన 124 ఏళ్లకు.

ఆ నాటకాన్ని ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. ఏ న్యాయస్థానమూ రచయితను శిక్షించలేదు. బహుమతి సంఘంలో కూర్చున్న కొద్దిమంది పెద్దలు వద్దన్నారు, అంతే. భావప్రకటన స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు మనం నిషేధాలను లెక్కిస్తాం, కేసులను లెక్కిస్తాం. ఏ పుస్తకం అచ్చుకు పోవాలో, ఏది బీరువాలోనే ఉండిపోవాలో నిర్ణయించే గదిలో ఎవరు కూర్చున్నారన్న లెక్క మాత్రం తీయం. కుల వ్యవస్థ సాహిత్యంపై పెట్టే అసలు ఆంక్ష ఆ గదిలోనే ఉంది. నాటకాలనూ కథలనూ అనువాదాలనూ లాభాపేక్ష లేకుండా తెచ్చే చిన్న స్వతంత్ర ప్రచురణ సంస్థల ప్రశ్న అందుకే కుల ప్రశ్న కూడా అవుతుంది.

రెండో ఉదాహరణ మనందరికీ తెలిసిందే అయినా, అందులో తెలుగువారు అంతగా గమనించని వివరం ఒకటుంది. లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండల్ 1936లో తన వార్షిక సభకు అధ్యక్షత వహించమని అంబేడ్కర్‌ను ఆహ్వానించి, ఆయన ప్రసంగ పాఠం చూసి అభ్యంతరం చెప్పి, చివరికి సభనే రద్దు చేసుకుంది. అంబేడ్కర్ ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించారు. అవి రెండు నెలల్లో అయిపోయాయి. ప్రపంచం చదువుతున్న 'కుల నిర్మూలన' ఆ విధంగా ఒక స్వయం ప్రచురణ. 1937లో వచ్చిన రెండో ముద్రణకు రాసిన ముందుమాటలో, పుస్తకం అప్పటికే గుజరాతీ, తమిళ భాషల్లోకి వచ్చిందని, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళ భాషల్లోకి వస్తోందని అంబేడ్కర్ చెప్పారు. ఆ జాబితాలో ఆరు భాషలున్నాయి. తెలుగు లేదు.

అప్పటికి తెలుగులో దళిత చైతన్యం లేకపోవడం దీనికి కారణం కాదు. కుసుమ ధర్మన్న 1921 నాటికే 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు. 'జయభేరి' పత్రిక నడిపారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక ప్రారంభించి, అందులోనే 'వెట్టి మాదిగ' కథ రాశారు. చైతన్యం ఉంది, కలం ఉంది, అతికష్టం మీద నడుపుకున్న పత్రిక కూడా ఉంది. లేనిది ఆ రచనలను మళ్లీ మళ్లీ అచ్చువేసి, తర్వాతి తరానికి అందించే ప్రచురణ వ్యవస్థ. దాని ఫలితమే, 'వెట్టి మాదిగ' చాలాకాలం తెలుగు కథాచరిత్రల్లో కనీస ప్రస్తావనకు కూడా నోచుకోలేదు. పత్రిక పుట్టించిన రచనను పుస్తకం బతికిస్తుంది. పుస్తకం వేసేవారు లేని సమాజపు జ్ఞాపకం పాత సంచికల కట్టల్లో చెదలకు వదిలేసినట్టే.

ఆ లోటును తెలుగులో కొంతవరకైనా పూడ్చింది చిన్న ప్రచురణలే. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్, అలెక్స్ హేలీ నవలను సహవాసి చేత 'ఏడు తరాలు'గా తెలుగు చేయించి, సామాన్యులు కొనగలిగిన ధరకు అందించింది. ఆఫ్రికన్ అమెరికన్ బానిసత్వ చరిత్రను వెట్టి, అంటరానితనాల పక్కన పెట్టి చదువుకున్న తెలుగు పాఠకుల తరం ఒకటి ఆ పుస్తకంతో తయారైంది. 1985 జూలైలో కారంచేడు నరమేధం తర్వాత వచ్చిన 'నలుపు' పత్రిక, 1995లో 'చిక్కనవుతున్న పాట', 1998లో ముస్లింవాద కవిత్వ సంకలనం 'జల్‌జలా', 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి తవ్వి తీసిన 'నల్లపొద్దు', ఇవేవీ పెద్ద వ్యాపార సంస్థల జాబితాల్లోంచి పుట్టినవి కావు. జి. కల్యాణరావు నవల 'అంటరాని వసంతం'ను 2000లో విప్లవ రచయితల సంఘం వేసింది. ఇవాళ విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశాలుగా, పరిశోధనాంశాలుగా ఉన్న దళిత, మైనారిటీ సాహిత్యంలో సింహభాగం మొదట ఇలాంటి చిన్న ప్రచురణల చేతుల మీదుగానే వచ్చింది. పెద్ద సంస్థలు ఆ తర్వాత వచ్చాయి.

ఇక సింహాద్రిపురం దగ్గరకు వద్దాం. కడప జిల్లాలోని ఈ మండలం పేరు రాజకీయ వార్తల్లోనో, చీనీ తోటల కష్టాల వార్తల్లోనో మాత్రమే వినబడుతుంది. కాని తెలుగు అనువాద చరిత్రలో దీనికి గట్టి చోటుంది. రారాగా ప్రసిద్ధులైన రాచమల్లు రామచంద్రారెడ్డి 1922లో ఈ మండలంలోని పైడిపాలెంలో పుట్టారు. 1968లో ఆయన కడప నుంచి 'సంవేదన' త్రైమాసిక పత్రికను ప్రారంభించారు. అది ఎక్కువకాలం నడవకపోయినా తెలుగు సాహిత్య విమర్శకు అది పెట్టిన ప్రమాణాలు ఇప్పటికీ చర్చలో ఉన్నాయి. 1970లలో ఆయన మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకులుగా పనిచేశారు. ఆ అనుభవంలోంచి వచ్చిన 'అనువాద సమస్యలు' గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పరభాషా వాక్యానికి తెలుగు మాటలు తొడిగితే అది తెలుగు కాదని, తెలుగు పలుకుబడిలో మళ్లీ పుడితేనే అనువాదమని ఆయన పట్టుబట్టారు.

రారా జీవితం రెండు విషయాలు చెబుతుంది. మొదటిది, రాజధాని లేకుండానే సాహిత్య ప్రమాణాలు పుట్టగలవు. కడపలో అచ్చయిన ఒక చిన్న పత్రిక విజయవాడ, హైదరాబాదు, విశాఖపట్నాలను తన మాట వినేలా చేసింది. రెండవది కొంచెం ఇబ్బందికరమైనది. అదే సింహాద్రిపురం మండలంలో, అదే 1922లో, ఒక మాల ఇంటనో మాదిగ ఇంటనో పుట్టిన పిల్లవాడికి, అంతే ప్రతిభ ఉన్నా, పైడిపాలెం నుంచి మాస్కో దాకా దారి ఉండేదా? ఉండేది కాదు. ఇలా అనడం రారా కృషిని తక్కువ చేయడం కాదు. వామపక్ష మేధావిగా ఆయన నిలబడిన విలువలే ఈ ప్రశ్న వేయమంటాయి. భూమి, చదువు, పట్నంలో తలదాచుకోవడానికి ఒక బంధువు ఇల్లు, పత్రిక రెండు సంచికలు నష్టపోతే భరించగల మిత్రబృందం, వీటన్నిటి కూడికే ప్రచురణ. ఆ కూడికలో ప్రతి అంకె వెనుకా కులం ఉంది.

సోవియట్ పుస్తకాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్‌లు తెలుగు పల్లెలకు చేరడానికి వారి గొప్పదనం ఒక్కటే చాలలేదు. వేరే దేశపు ప్రభుత్వం ముద్రణ ఖర్చు భరించింది. పుస్తకాన్ని రైతుకూలీ బిడ్డ కూడా కొనగలిగిన ధరకు ఇచ్చింది. దానిని మోసుకుపోయి అమ్మే కార్యకర్తలు ఉన్నారు. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ ఏర్పాటూ పోయింది. ధర, రవాణా, మనిషి, ఈ మూడూ కుదిరితే అనువాద సాహిత్యం ఎంత దూరమైనా పోతుందని రుజువు చేసిన ఆ ప్రయోగం నుంచి మన ప్రభుత్వాలు ఏమీ నేర్చుకోలేదు.

గత మూడు దశాబ్దాల్లో దళిత, బహుజన, ముస్లిం, ఆదివాసీ రచయితలు తెలుగు సాహిత్యంలో తమ చోటును పోరాడి సాధించుకున్నారు. రాయలసీమనే తీసుకుంటే, చిలుకూరి దేవపుత్ర 'పంచమం' నవల ఉంది. సింహాద్రిపురానికి ఎంతో దూరంలో లేని వేంపల్లె నుంచి వచ్చిన ఇద్దరు యువకులు, వేంపల్లి గంగాధర్ 2011లోను, 'జుమ్మా' కథలకు వేంపల్లె షరీఫ్ 2012లోను సాహిత్య అకాడమీ యువ పురస్కారాలు అందుకున్నారు. కాని రచయితగా పేరు అట్టమీదికి ఎక్కడం ఒక మెట్టు మాత్రమే. ఏ రాతప్రతి తీసుకోవాలో నిర్ణయించే సంపాదకులు, ఏ మాట ఉంచాలో ఏది 'దిద్దాలో' చూసేవారు, ఏ భాష నుంచి ఏ పుస్తకం తెలుగులోకి రావాలో ఎంచేవారు, పుస్తకాన్ని అమ్మి ఆ డబ్బుతో మరో పుస్తకం వేసేవారు, ఈ నాలుగు స్థానాల్లో వాడ నుంచి వచ్చినవారు ఎందరు? వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాడ ముడిసరుకు ఇస్తుంది, ఊరు దానిని సాహిత్యం చేస్తుంది అన్న పని విభజన సాహిత్యంలో ఇంకా కొనసాగుతోంది. పొలంలో ఉన్నదే పుస్తకంలోనూ ఉంది.

దీని పర్యవసానం మొదట భాష మీద పడుతుంది. విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులతో పనిచేసే నాకు ఇది తరచుగా ఎదురవుతుంది. సీమ నుంచి వచ్చిన విద్యార్థి రాసిన కథ ప్రచురణకర్త దగ్గర నుంచి తిరిగి వచ్చినప్పుడు, అంచుల్లో ఎర్ర గీతలు ఎక్కువగా ఉండేది వాడభాష మీద. బూతు లేదు, అశ్లీలం లేదు. పాఠకులకు అర్థం కాదన్నది ఆక్షేపణ. ఏ పాఠకులకు? కోస్తా పలుకుబడి సీమవారికి అర్థమవుతుందని ఏనాడూ ఎవరూ సందేహించలేదు. ఊరి పదాలకు పాఠకుడు అలవాటు పడాలి, వాడ పదాలు పాఠకుడికి అలవాటు కావాలి అన్న ఈ ద్వంద్వ నీతిని సవరించగలిగేది సంపాదకుడి కుర్చీ. ఆ కుర్చీలో ఆ భాష తెలిసినవారు కూర్చున్నప్పుడే అది సాధ్యం.

నాటకం పరిస్థితి మరీ అన్యాయం. తెలుగు పల్లెల్లో నాటకాన్ని, భాగోతాన్ని, యక్షగానాన్ని తరతరాలుగా మోసినవారిలో అణగారిన కులాల కళాకారులే ఎక్కువ. తెలంగాణలో చిందు భాగోతం మాదిగ ఉపకులాల కళ. సీమ పల్లెల్లో ఆడిన బ్రహ్మంగారి నాటకంలో మాదిగ కక్కయ్య, దూదేకుల సిద్దయ్య లేకుండా కథే నడవదు. 'అంటరాని వసంతం'లోని ఎల్లన్న కూడా భాగోతం ఆడిన కళాకారుడే. సాహిత్య చరిత్రకు ఎక్కని ఆ పాటల చరిత్రను కల్యాణరావు నవలగా రాయవలసి వచ్చింది. బోయి భీమన్న 'పాలేరు' నాటకం స్వాతంత్ర్యానికి ముందే ఎందరో పాలేరు పిల్లలను బడివైపు నడిపించింది. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఎం.ఎం. వినోదిని 'దాహం' నాటకం దళిత స్త్రీల నీళ్ల కష్టాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. ఇంత సంప్రదాయం ఉన్నా, నాటకం పుస్తకంగా అమ్ముడుపోదన్న ఒక్క మాటతో ప్రచురణకర్తలు తలుపు వేసేస్తారు. ప్రదర్శన అయిపోయాక రాతప్రతి దర్శకుడి సంచిలో ఉండిపోతుంది. కొన్నాళ్లకు అదీ పోతుంది. ఫూలే నాటకానికి 124 ఏళ్ల తర్వాతైనా రాతప్రతి దొరికింది. మనవాటిలో ఎన్నిటికి ఆ అదృష్టం ఉంటుంది?

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: నాణ్యత ఉంటే అచ్చవుతుంది, మధ్యలో కులం ప్రస్తావన ఎందుకు? నాణ్యతను నిర్ణయించే చూపు కులానికి అతీతమైతే ఈ ప్రశ్న సబబే. వేమననే చూడండి. జనం నాలుకల మీద ఉన్న ఆ పద్యాలను కవిత్వంగా అంగీకరించడానికి పండితలోకం చాలాకాలం సిద్ధపడలేదు. సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లిషు ఉద్యోగి 1829లో వాటిని ఆంగ్లానువాదంతో అచ్చు వేయించాక, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, వేమన మహాకవి అయ్యాడు. మధ్యలో పద్యాలు మెరుగుపడలేదు. చూసే కన్ను మారింది.

రెండో అభ్యంతరం: ఇప్పుడు ఎవరైనా సొంతంగా పుస్తకం వేసుకోవచ్చు, ఫేస్‌బుక్‌లో రాసుకోవచ్చు, ఇంకా ప్రచురణ సంస్థలు ఎందుకు? సొంత ముద్రణకు కావలసింది మిగులు డబ్బు. జీతం, భూమి, అమెరికాలో అన్నదమ్ములు ఉన్న రచయితకు అది చిన్న ఖర్చు. ఉపాధి హామీ కూలితో చదువుకుంటున్న పిల్లవాడికి అది రెండు సెమిస్టర్ల తిండి ఖర్చు. అచ్చయిన ఐదు వందల ప్రతులూ మంచం కింద చేరితే భరించేదీ అతని ఇల్లే. పైగా ప్రచురణ అంటే ముద్రణ ఒక్కటే కాదు. చదివి సరిదిద్దేవారు కావాలి, పదేళ్ల తర్వాత కూడా ప్రతి దొరికేలా చూసేవారు కావాలి, ఆపద వస్తే రచయిత పక్కన నిలబడేవారు కావాలి. పెరుమాళ్ మురుగన్ తమిళ నవల 'మాదొరుబాగన్' మీద కుల సంఘాలు దండెత్తినప్పుడు, రచయితగా తాను చనిపోయానని ఆయన 2015లో ప్రకటించవలసి వచ్చింది. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు రచయిత పక్షాన తీర్పు ఇచ్చేదాకా ఆయన వెంట నిలిచిన కాలచ్చువడు ప్రచురణ చెన్నైది కాదు, నాగర్‌కోయిల్ అనే చిన్న పట్టణానిది. నాగపూర్ నుంచి పాంథర్స్ పా సంస్థ 2016 నుంచి మరాఠీ దళిత సాహిత్యాన్ని ఇంగ్లిషులోకి తెస్తోంది. నాగర్‌కోయిల్‌కు, నాగపూర్‌కు సాధ్యమైనది ప్రొద్దుటూరుకు, కడపకు ఎందుకు సాధ్యం కాకూడదు?

సాధ్యం కావాలంటే కొన్ని పనులు జరగాలి. అవేవీ ఆకాశం నుంచి ఊడిపడనక్కరలేదు. మొదటిది గ్రంథాలయ సెస్సు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఆస్తి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. అంటే కూలివాని ఇంటిపన్నులోనూ పుస్తకం పేరిట కొన్ని పైసలున్నాయి. ఆ సొమ్ము సకాలంలో జమ కాకపోవడం, కొత్త పుస్తకాల కొనుగోలు ఏళ్లతరబడి నిలిచిపోవడం ప్రచురణ రంగంలో అందరికీ తెలిసిన అనుభవం. బకాయిలు కట్టించాలి. కొనుగోలులో నాటకాలకు, అనువాదాలకు, చిన్న సంస్థలకు నిర్దిష్ట వాటా ఉండాలి. పుస్తకాలను ఎంపిక చేసే కమిటీల్లో అణగారిన వర్గాల ప్రాతినిధ్యం ఉండాలి, ఎంపిక జాబితాలు బహిరంగం కావాలి. దక్షిణా ప్రైజు కమిటీని మళ్లీ మళ్లీ నియమించుకోవడం మనకు అవసరం లేదు.

రెండవది పన్ను, టపా. పుస్తకం అమ్మకంపై జీఎస్టీ లేదు. కాని కాగితంపై, ముద్రణ పనిపై కట్టిన పన్ను ప్రచురణకర్తకు తిరిగి రాదు. అది చివరికి పాఠకుడి నెత్తిన పడుతుంది. తపాలా శాఖ 2024 డిసెంబరులో బుక్ పోస్ట్ సౌకర్యాన్ని ముందస్తు చర్చ లేకుండా ఎత్తేసి, విమర్శలు వచ్చాక 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ ప్రవేశపెట్టింది. హైదరాబాదు పాఠకుడికి పుస్తకాల దుకాణం ఉంది. సింహాద్రిపురం పాఠకుడికి తపాలా ఒక్కటే దారి. ఆ దారి ఖరీదును పెంచే ప్రతి నిర్ణయమూ మారుమూల పాఠకుడిని చదువు నుంచి మరో అడుగు వెనక్కి నెడుతుంది.

మూడవది విశ్వవిద్యాలయాల బాధ్యత. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయానికి పొరుగు భాషల మధ్య అనువాదం ప్రధాన లక్ష్యాల్లో ఒకటి. కడపలో బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. కన్నడ, తమిళ, మరాఠీ దళిత నాటకాలను తెలుగులోకి, సీమ దళిత కథలను ఆ భాషల్లోకి తెచ్చే పనిని అణగారిన వర్గాల యువ అనువాదకులకు జీతమిచ్చి అప్పగించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఏటా ఐదుగురికి సంపాదకత్వంలో, ఐదుగురికి అనువాదంలో శిక్షణ ఇస్తే, పదేళ్లలో వందమంది తయారవుతారు. తెలుగు ప్రచురణ రంగం ముఖచిత్రం మారడానికి ఆ వందమంది చాలు.

నాలుగవది విద్యార్థుల పని. ప్రభుత్వాన్ని నిలదీయడం ఎంత అవసరమో, మనకు మనం ఒక పాఠకలోకంగా ఏర్పడటం అంత అవసరం. సాంఘిక సంక్షేమ వసతిగృహంలో ఉన్నవారు పదిమంది కలిసి నెలకు ఒక పుస్తకం కొనవచ్చు. అచ్చుకు ముందే చందా కట్టి ఒక నాటకాన్ని పుస్తకంగా తేవచ్చు. కళాశాల వార్షికోత్సవంలో సినిమా పాటలకు ఇచ్చే సమయంలో సగం కొత్త నాటకానికి అడగవచ్చు. ఊళ్లో భాగోతం ఆడిన తాత దగ్గరున్న నోటుపుస్తకాన్ని ఈ సెలవుల్లోనే నకలు తీసి, ఆయన పేరు పైన రాసి, భద్రపరచవచ్చు. చిన్న ప్రచురణ సంస్థలు ఎక్కడైనా ఇలాగే మొదలవుతాయి. ముందు పాఠకులు, తర్వాత చందాదారులు, ఆ తర్వాత ప్రచురణ.

అంబేడ్కర్ తన ప్రసంగాన్ని మార్చుకోవడానికి నిరాకరించి సొంతంగా అచ్చు వేయించిన నాడు, వేదిక ఇచ్చేవారి షరతులకు లోబడవలసిన అవసరం లేదని నిరూపించారు. ఆ పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చినవారిలో 'పాలేరు' రాసిన బోయి భీమన్న ఉండటం కాకతాళీయం కాదు. ఎవరి పుస్తకం వారికి అవసరమో వారే దానిని మోసుకొస్తారు. రేపు సింహాద్రిపురం వాడలో ఒక అమ్మాయి నాటకం రాస్తుంది. బహుశా ఇప్పటికే రాస్తూ ఉండవచ్చు. అది ఆమె బతికుండగానే, ఆమె మాటల్లోనే, ఆమె పేరుతోనే అచ్చు కావడానికి తగిన ఏర్పాటు ఈ తరం చేయగలదా లేదా అన్నదే మన ముందున్న పరీక్ష.